సీనియర్‌కి మెసేజ్ పెట్టే ముందు

మన కాలేజీలో చదివి ఇప్పుడు డిప్యూటీ తహసీల్దార్‌గానో, ఎంపీడీఓగానో చేస్తున్న సీనియర్ నంబర్ దొరికిందా? "అన్నా, గ్రూప్స్‌కి ఎలా ప్రిపేర్ అవ్వాలి?" అని మాత్రం పెట్టకండి. దానికి జవాబు రాయాలంటే ఒక పూట పడుతుంది, అందుకే రాయరు. సిలబస్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, ముందు అది చదవండి.

బయట దొరకనిది అడగండి. రోజులో ఆఫీసులో ఎంతసేపు, ఊళ్లలో ఎంతసేపు? మొదటి పోస్టింగ్‌లో ఏది కష్టమైంది? గ్రూప్-2లో పోస్టుల ప్రాధాన్యం ఇచ్చేటప్పుడు సబ్ రిజిస్ట్రార్ ముందా, డిప్యూటీ తహసీల్దార్ ముందా అన్నది ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు చెప్తేనే అర్థమవుతుంది.

మెసేజ్‌లో మీ పేరు, బ్యాచ్, ఒకే ఒక్క ప్రశ్న, "ఆదివారం పది నిమిషాలు మాట్లాడొచ్చా" అంతే. ఎన్నికలప్పుడు రెవెన్యూ వాళ్లకి ఊపిరాడదు. జవాబు రాకపోతే పది రోజులాగి ఇంకోసారి పెట్టండి, మొహమాటం వద్దు.

ఇంకొకటి. సివిల్స్ రాసి, ర్యాంకు రాక, వేరే ఉద్యోగంలో స్థిరపడ్డ సీనియర్లని ఎవరూ పలకరించరు. నాకైతే వాళ్ల మాటే ఎక్కువ ఉపయోగం అనిపిస్తుంది. జనరల్ కేటగిరీకి ఉన్నవి 6 అవకాశాలే. ఎన్నోసారికి ఆపాలి, ఈలోగా చేతిలో ఏం ఉంచుకోవాలి అన్నది ర్యాంకు వచ్చినవాళ్లు చెప్పలేరు.