ముందు బీరువా తెరిపించండి

పదో తరగతి, ఇంటర్ పిల్లలకు అక్కర్లేని బట్టలు కొంటే పర్యావరణానికి చేటని క్లాసు పీకితే తల ఊపి, మళ్లీ ఫోన్‌లో షాపింగ్ యాప్ తెరుస్తారు. అందుకే ముందు బట్టలన్నీ మంచం మీద వేయించి, ఏడాదిగా వేసుకోనివి పక్కకు తీయమనండి. మా అమ్మాయి గుట్టలో ధర చీటీ కూడా తీయని టాప్ ఒకటి దొరికింది. నేనేమీ అనలేదు, తనే కాసేపు దాన్ని పట్టుకుని కూర్చుంది.

అప్పుడు లెక్క చెప్పండి. ఒక్క కాటన్ టీషర్టుకు, పత్తి చేనుకు పట్టే నీళ్లతో కలిపి, సుమారు 2,700 లీటర్లు అవుతాయని అంచనా. 20 లీటర్ల క్యాన్లు ఎన్నో వాళ్లనే లెక్కేయమనండి, 135 వస్తుంది.

పత్తి సీజన్‌లో ఒక పొద్దున వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లండి, ఇది మాత్రం వదలొద్దు. ఆ బస్తాలు చూసి, రైతుతో నాలుగు మాటలు మాట్లాడితే చొక్కా వెనక ఎంత నేల, ఎంత చాకిరీ ఉందో తెలుస్తుంది. పర్యావరణ పాదముద్ర అంటే మన వాడకానికీ, మనం వదిలే వ్యర్థాలను ఇముడ్చుకోవడానికీ ఎంత నేల, ఎంత నీటి విస్తీర్ణం కావాలన్న లెక్కేనని అక్కడే చెప్పండి.

రూలు ఒకటి చాలు: నచ్చింది కార్ట్‌లో వేసి 15 రోజులు ఆగాలి. తిట్టొద్దు. బతుకమ్మకు చీర కొనేటప్పుడు మనమూ అలాగే ఆగాలి, లేకపోతే వాళ్లు నమ్మరు.