పెద్ద కిట్ పక్కన పెట్టి ఒకే లెన్సు కెమెరాకి మారాలంటే ఎలా?

కెనాన్ 5డి మార్క్ 4 బాడీ బ్యాటరీ, కార్డుతో కలిపి 890 గ్రాములు, దానికి తగిలించే 24-70 ఎఫ్/2.8 లెన్సు 805, పెళ్ళిళ్ళలో తప్పనిసరి అనుకునే 70-200 ఎఫ్/2.8 ఇంకో 1,480. ఫ్లాష్, బ్యాగు, బ్యాటరీలు కలపకుండానే మూడు కిలోలు దాటింది. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100వీఐ బ్యాటరీ, కార్డుతో కలిపి 521 గ్రాములు. రికో జీఆర్3 అయితే 257, చొక్కా జేబులో పడుతుంది. ఈ లెక్క చూసిన ఎవరికైనా మనసు లాగుతుంది, అది సహజం. కానీ బరువు ఒక్కటే చూసి కొన్నవాళ్ళలో చాలామంది ఆర్నెల్లలో అమ్మేస్తారు, ఎందుకంటే జూమ్ లేని కెమెరాతో బతకగలరో లేదో ముందు చూసుకోరు. దానికి పైసా ఖర్చు కాదు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఇక్కడ చెప్పుకునేది లెన్సు ఊడదీయడానికి వీల్లేని, జూమ్ లేని, సెన్సర్ మాత్రం పెద్దదైన ఖరీదైన కెమెరాల గురించి. జూమ్ ఉన్న చిన్న కెమెరాలు వేరే జాతి, వాటి జోలికి పోవడం లేదు.

మొదటి పని: పాత ఫొటోలు తిరగేయండి

మీకు ఏ ఫోకల్ లెంగ్త్ (లెన్సు ఎంత వెడల్పుగా, ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే మిల్లీమీటర్ల నంబరు, చిన్నదైతే వెడల్పు, పెద్దదైతే దగ్గర) కావాలో యూట్యూబ్ వీడియోలు చెప్పలేవు, మీ హార్డ్ డిస్కు చెబుతుంది. విండోస్‌లో ఫొటోల ఫోల్డర్ తెరిచి, వ్యూని డీటెయిల్స్‌కి మార్చి, పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి ‘మోర్’ నొక్కితే పెద్ద జాబితా వస్తుంది, అందులో ఫోకల్ లెంగ్త్‌కి టిక్ పెట్టండి. లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్ళకి ఇంకా సులువు, లైబ్రరీ గ్రిడ్‌లో ఉండి బ్యాక్‌స్లాష్ నొక్కితే ఫిల్టర్ బార్ వస్తుంది, మెటాడేటా ఎంచుకుని ఒక కాలమ్‌ని ఫోకల్ లెంగ్త్‌గా మార్చుకుంటే ఏ నంబరు దగ్గర ఎన్ని ఫొటోలున్నాయో వరుసగా కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. 24-70 వాడినవాళ్ళ లెక్కలో దాదాపు ఎప్పుడూ 24 దగ్గరా 70 దగ్గరా గుట్టలు కనిపిస్తాయి. అది చూసి ‘నాకు వైడ్ అంటే ఇష్టం’ అనుకోకండి, రింగు అక్కడితో ఆగిపోయింది కాబట్టి అక్కడ తీశారు, అంతే. అందుకే మొత్తం ఫొటోలు లెక్కబెట్టొద్దు. ప్రింటు వేయించుకున్నవి, వాట్సాప్‌లో పంపినవి, ఇప్పటికీ మళ్ళీ తెరిచి చూసుకునేవి, అవి మాత్రమే ఒక ఫోల్డర్లో వేసి వాటి నంబర్లు చూడండి. లెక్క పూర్తిగా మారిపోవచ్చు.

మీ పాత కెమెరా ఏపీఎస్-సి సెన్సర్‌ది (5డి లాంటి ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) అయితే ఆ నంబర్ని 1.5తో, కెనాన్ అయితే 1.6తో గుణించండి. 18-55 కిట్ లెన్సులో 23 దగ్గర తీసినవి ఎక్కువుంటే మీరు 35 మనిషి అన్నమాట. ఇక లెక్కలో 100 పైన నంబర్లే నిండిపోయి ఉంటే, ఉప్పలపాడులోనో నేలపట్టులోనో పక్షులు, స్కూలు గ్రౌండులో పిల్లల క్రికెట్టు, స్టేజీ మీద కూచిపూడి లాంటివే మీ ఫొటోలైతే, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. ఈ కెమెరాలు మీకోసం కాదు.

రెండో పని: ఉన్న కెమెరాతోనే ఒక నెల

జూమ్ రింగుని 28 లేదా 35 దగ్గర పెట్టి (ఏపీఎస్-సి అయితే 18 లేదా 23) దాని మీద టేపు వేసేయండి. మెడికల్ షాపులో దొరికే పేపర్ టేపు బాగా పనికొస్తుంది, తీసేటప్పుడు జిగురు వదలదు. మిగతా లెన్సులు బీరువాలో పెట్టి తాళం వేయండి. ఒక నెల అదే కెమెరాతో పండగ, పుట్టినరోజు, సంత, రైలు ప్రయాణం, ఏది వస్తే అది తీయండి.

మొదటి వారం చిరాకుగా ఉంటుంది, అది లెక్కలోకి తీసుకోకండి. రెండు మూడు వారాలు దాటాక కూడా ప్రతి ఫొటోకీ ‘ఇంకొంచెం దగ్గరికి లాగితే బాగుండు’ అనిపిస్తోందా, లేక కెమెరా కంటికి పెట్టుకోకముందే ఎంతవరకు ఫ్రేములో పడుతుందో తెలిసిపోతోందా, ఇదొక్కటి గమనించండి. కరెంటు పోయినప్పుడు చీకట్లో కూడా మన ఇంటి మెట్లు మనకు తెలిసినట్టు ఫ్రేము అంచులు తెలిసిపోవడం మొదలైతే మీరు సిద్ధంగా ఉన్నట్టే.

మూడో పని: 28, 35, 40లో ఒకటి తేల్చుకోవడం

28 వైడ్. మన ఫ్లాట్లలో పది బై పన్నెండు గదిలో గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలందరినీ ఒక ఫ్రేములో పెట్టాలంటే ఇదే దిక్కు. కానీ అంచుల్లో నిలబడ్డవాళ్ళ మొహాలు సాగుతాయి, అంచున నిలబడ్డ అత్తయ్యగారికి ఆ ఫొటో చూపించి మెప్పించడం మీ వల్ల కాదు. పైగా ఫోన్లలో మెయిన్ కెమెరా 24-26 దగ్గర ఉంటుంది కాబట్టి చూపులో పెద్ద తేడా అనిపించకపోవచ్చు. 35 నడిమధ్యది, మనిషి కూడా చుట్టూ ఉన్నది కూడా పడతాయి. 40 ఇంకాస్త బిగుతు, ఒకరిద్దరి ఫొటోలకి బాగుంటుంది, ఇరుకు గదిలో వెనక్కి జరగడానికి గోడ అడ్డమొస్తుంది. నన్నడిగితే, నెల రోజుల పరీక్షలో మీకే స్పష్టంగా తేలకపోతే 35 తీసుకోండి.

మరి ఏ కెమెరా? ఎక్కువమంది చూపు పడేది ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 సిరీస్ మీద. 2011లో మొదలైంది, ఇప్పుడున్న ఎక్స్100వీఐ 2024 ఫిబ్రవరిలో వచ్చింది. 35కి సమానమైన 23 ఎఫ్/2 లెన్సు, 40 మెగాపిక్సెళ్ళు, చెయ్యి వణుకుని సర్దే స్టెబిలైజేషన్. దీని ముందువైపు చిన్న లివరు ఒకటుంటుంది, దాన్ని వేలితో లాగితే వ్యూఫైండరు తెర నుంచి మామూలు గాజు కిటికీలోకి మారుతుంది. అప్పుడు తెల్ల గీతల ఫ్రేమూ దాని బయట నడుస్తున్న మనుషులూ కూడా కనబడతారు, ఎవరు ఎప్పుడు ఫ్రేములోకి అడుగు పెడతారో ముందే తెలుస్తుంది. రోడ్డు మీద తీసేవాళ్ళకి దీని విలువ వాడితేనే అర్థమవుతుంది. లోపలే వెలుతురు తగ్గించే నాలుగు స్టాపుల ఎన్డీ ఫిల్టరు కూడా ఉంది, మిట్టమధ్యాహ్నం ఎండలో లెన్సుని పూర్తిగా తెరిచి ఎఫ్/2 దగ్గర తీసినా ఫొటో తెల్లబోదు. షట్టరు లెన్సులోనే ఉంటుంది కాబట్టి చప్పుడు దాదాపు వినబడదు, ఎండలో నీడపడ్డ మొహానికి ఫ్లాష్ వేయాలన్నా మామూలు కెమెరాల్లాగా 1/200, 1/250 సెకను షట్టర్ స్పీడు దగ్గర ఆగిపోనక్కర్లేదు.

జేబులో పెట్టుకునేదే కావాలంటే రికో జీఆర్. జీఆర్3 2019లో 28తో, జీఆర్3ఎక్స్ 2021లో 40తో వచ్చాయి, 2025లో జీఆర్4 వచ్చింది, అది మళ్ళీ 28. వ్యూఫైండరు లేదు, ఫ్లాష్ లేదు, జీఆర్3 బ్యాటరీ కంపెనీ లెక్కలోనే 200 ఫొటోలు. అందుకే రెండో బ్యాటరీ కూడా కలిపే ధర లెక్కేసుకోండి. డబ్బు సమస్య కాదనుకునేవాళ్ళకి లైకా క్యూ3 ఉంది, 2023లో అమెరికాలో 5,995 డాలర్లకు విడుదలైంది. 28 ఎఫ్/1.7, ఫుల్ ఫ్రేమ్, 60 మెగాపిక్సెళ్ళు. 2025లో సోనీ ఆర్ఎక్స్1ఆర్ మూడో వెర్షనూ, ఫుల్ ఫ్రేమ్ కంటే పెద్దదైన మీడియం ఫార్మాట్ సెన్సర్‌తో ఫ్యూజీ జీఎఫ్ఎక్స్100ఆర్ఎఫ్ కూడా వచ్చాయి. ఈ రెండింట్లోనూ సెన్సర్ స్టెబిలైజేషన్ లేదు, అంత డబ్బు పోసేముందు అది గుర్తుంచుకోండి.

జూమ్ లేదని బెంగపడేవాళ్ళకి ఒక లెక్క. ఎక్స్100వీఐలో 35 ఫొటోని 50 అంత బిగుతుగా కత్తిరిస్తే 20 మెగాపిక్సెళ్ళు మిగులుతాయి, 70 అంత కత్తిరిస్తే 10. కెమెరాలోనే దానికి సెట్టింగుంది. ఆల్బమ్ సైజు ప్రింటుకి 10 ధారాళంగా సరిపోతుంది.

నాలుగో పని: కొనడం

మన ఇళ్ళల్లో అమెరికా నుంచి ఎవరైనా వస్తున్నారని తెలియగానే కెమెరా, లాప్‌టాప్ జాబితా తయారవుతుంది, అది మానమంటే ఎవరూ మానరు కాబట్టి మానమని చెప్పను. కానీ ఈ రకం కెమెరాలో లెన్సూ బాడీ ఒకటే, ఒకటి పాడైతే మొత్తం సర్వీసుకి పంపాల్సిందే. అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ ఉంటుందా లేదా అని ముందే కనుక్కోండి, కస్టమ్స్ పరిమితి కూడా చూసుకోండి. మార్కెట్లో బిల్లు లేకుండా పది, పదిహేను వేలు తక్కువకి ఇస్తామనేవాళ్ళ దగ్గర కూడా ఇదే తిరకాసు.

సెకండ్ హ్యాండ్ అయితే ఒక పరీక్ష తప్పనిసరి. ఎఫ్/16 పెట్టి తెల్ల గోడనో ఖాళీ ఆకాశాన్నో తీసి, ఫొటోని కంప్యూటర్లో పెద్దది చేసి మూల మూలా చూడండి. నల్లటి మచ్చలు కనబడితే లోపల సెన్సర్ మీద దుమ్ము ఉన్నట్టు. లెన్సు ఊడే కెమెరా అయితే బ్లోయరుతో ఊదుకుంటాం, ఇక్కడ ఆ వీలు లేదు, సర్వీసు సెంటరే గతి. లెన్సు బయటికీ లోపలికీ జరిగే జీఆర్ లాంటి వాటిలో ఈ తలనొప్పి ఎక్కువ. ఎక్స్100వీఐకి దుమ్ము, తుంపర తట్టుకునే శక్తి కావాలంటే ముందు అడాప్టర్ రింగు, దాని మీద 49 సైజు ఫిల్టరు బిగించాలి, అవి లేకపోతే సీలింగు పూర్తి కానట్టే. కార్డు విషయంలో మాత్రం డబ్బు మిగుల్చుకోవచ్చు, అందులో యూహెచ్ఎస్-1 వేగమే పనిచేస్తుంది కాబట్టి ఖరీదైన యూహెచ్ఎస్-2 కార్డు దండగ.

ఐదో పని: ఒక సాయంత్రం కూర్చుని సెట్ చేసుకోవడం

సింపుల్ కెమెరా అని కొంటాం గానీ మెనూ తెరిస్తే పేజీలకి పేజీలు ఉంటాయి. ఒకసారి శ్రద్ధగా సర్దేసి మళ్ళీ ఆ మెనూ జోలికి వెళ్ళకపోవడమే దీని కిటుకు.

అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ నంబర్లు దానివే) మీ చేతిలో ఉంచుకుని షట్టర్ స్పీడు, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే నంబరు) కెమెరాకి వదిలేయండి. ఆటో ఐఎస్ఓలో గరిష్ఠం 6400, కనీస షట్టర్ స్పీడు 1/250 పెట్టండి. స్టెబిలైజేషన్ ఉంది కదా 1/30 చాలదా అంటే, అది మీ చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ పరిగెత్తే పిల్లాణ్ణి ఆపదు. ఎక్స్100 సిరీస్‌లో ఆటో ఐఎస్ఓకి మూడు ఖానాలుంటాయి, రెండోదాంట్లో 1/60 పెట్టుకుంటే రాత్రి పూట కదలకుండా కూర్చున్నవాళ్ళకి పనికొస్తుంది.

జేపెగ్, రా (రంగులు సర్దని అసలు ఫైలు) రెండూ సేవ్ అయ్యేలా పెట్టి, ఫ్యూజీ అయితే ఒకే ఒక్క ఫిల్మ్ సిమ్యులేషన్ (ఫొటో రంగుల తీరు) ఎంచుకోండి. క్లాసిక్ క్రోమ్ చాలామందికి నచ్చుతుంది, కానీ మన చర్మం రంగులకి, పట్టుచీరల ఎరుపు, పసుపులకి నాకైతే రియలా ఏస్ నయమనిపిస్తుంది. రా ఉంది కాబట్టి తర్వాత కెమెరాలోనే వేరే సిమ్యులేషన్‌లోకి మార్చుకోవచ్చు, టెన్షన్ అక్కర్లేదు.

జీఆర్ కొన్నవాళ్ళు స్నాప్ ఫోకస్ నేర్చుకోకపోతే సగం డబ్బు వృథా. దూరం 2 మీటర్లు, అపర్చర్ ఎఫ్/8 పెట్టి బటన్ని మధ్యలో ఆపకుండా ఒక్కసారిగా లోపలికి నొక్కండి, కెమెరా ఫోకస్ వెతుక్కోదు, వెంటనే తీసేస్తుంది. జీఆర్3 లెన్సుకి ఆ సెట్టింగులో సుమారు ఒక మీటరు నుంచి వీధి చివరి దాకా అంతా స్పష్టంగానే ఉంటుంది. లాడ్ బజార్‌లో గాజులమ్మే అతను లక్కగాజు మీద రాళ్ళు అద్దుతూ మధ్యలో తల ఎత్తి నవ్వే క్షణం ఆటోఫోకస్ కోసం ఆగదు. వెలుతురు తగ్గాక ఈ పద్ధతి కుదరదు, మామూలు ఆటోఫోకస్‌కి వచ్చేయండి.

ఆరో పని: పాత కిట్ అమ్మడం, అయితే నెమ్మదిగా

కొత్తది వచ్చిన రోజే పాతది బేరం పెట్టొద్దు. ఒక పెళ్ళి, ఒక ఊరి ప్రయాణం అయ్యేదాకా ఆగండి. ఆ తర్వాత ముందు అమ్మాల్సింది మధ్య జూమ్, ఎందుకంటే కొత్త కెమెరా తినేసేది దాని పనే. పిల్లల స్పోర్ట్స్ డేకి ఒక బాడీ, ఒక టెలి లెన్సు ఉంచుకోవడంలో తప్పేమీ లేదు, అన్నీ వదిలేస్తేనే మారినట్టు అని ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు.

డీఎస్ఎల్ఆర్ బాడీల ధర ఏటికేడాది పడిపోతోంది, లెన్సులు కాస్త నిలబడతాయి, కాబట్టి బాడీ అమ్మాలనుకుంటే మరీ నానబెట్టకండి. కొనేవాడు మొదట అడిగేది షట్టర్ కౌంట్ (ఆ బాడీ ఎన్నిసార్లు క్లిక్కుమందో), తర్వాత బిల్లు, డబ్బా. ఆ తర్వాత లెన్సులో టార్చి వేసి ఫంగస్ చూస్తాడు. ఏళ్ళుగా బ్యాగులో మూసిపెట్టిన లెన్సులో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో, సాలెగూడు లాంటి సన్నటి పోగులు చాలాసార్లు దొరుకుతాయి. అతనికంటే ముందు మీరే రెండువైపులా మూతలు తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చితో వెనకనుంచి చూసి, ఉంటే ఉందని చెప్పి ధర చెప్పండి. ఇచ్చేముందు మెమరీ కార్డు తీసుకోవడం మర్చిపోవద్దు, రెండు స్లాట్లున్న బాడీలో రెండోదాంట్లో కూడా ఒకటి ఉండే ఉంటుంది.