వలసపాలన నాటి అమెరికన్ పూర్వీకుల్ని వెతకడం ఎలా?

అమెరికాలో తొలి జనాభా లెక్కలు 1790లో జరిగాయి. అంతకుముందు బతికినవాళ్ళ కూపీ లాగాలంటే చర్చి రిజిస్టర్లు, వీలునామాలు, భూముల దస్తావేజులే దిక్కు. అమెరికా దేశ నిర్మాతల్లో ఒకరైన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌నే తీసుకుందాం. తన వంశం గురించి ఆయనే స్వయంగా ఆరా తీశాడు కూడా.

1. చావు నుంచి వెనక్కి రండి. ఆస్తి పంచాలి కాబట్టి వీలునామాలో చుట్టరికాలు తరచూ బయటపడతాయి. ఫ్రాంక్లిన్ 1790లో పోయింది ఫిలడెల్ఫియాలోనే అయినా, తాను బోస్టన్‌లో పుట్టానని వీలునామా అనుబంధంలో రాశాడు. అక్కడి ఇంటిని చెల్లెలు జేన్ మీకమ్‌కి ఇచ్చాడు. పుట్టిన ఊరు, చెల్లెలి అత్తవారి ఇంటిపేరు రెండూ ఒకేచోట దొరికినట్టే.

2. పుట్టిన ఊళ్ళో టౌన్ రికార్డు, చర్చి బాప్టిజం రెండూ చూడండి. తారీఖుల దగ్గర మాత్రం జాగ్రత్త. 1752 వరకు ఇంగ్లండ్‌లోనూ దాని వలసల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పైగా ఆ ఏడాది క్యాలెండరు మార్చినప్పుడు 11 రోజులు ఎగరగొట్టారు. అందుకే ఫ్రాంక్లిన్ పుట్టినరోజు పాత లెక్కలో 1705 జనవరి 6, ఇప్పటి లెక్కలో 1706 జనవరి 17. ఇద్దరు వేర్వేరు మనుషులని కంగారు పడకండి. నోట్సులో 1705/6 అని రాసుకుంటే గొడవ ఉండదు.

3. తల్లివైపు కూడా వెతకండి. చాలామంది దీన్ని వదిలేస్తారు, ఎందుకో మరి! ఫ్రాంక్లిన్ తల్లి అబయా ఫోల్జర్‌ది మసాచుసెట్స్‌లోని నాన్‌టకెట్ దీవి. అంటే బోస్టన్‌తో ఆగకుండా అక్కడి రికార్డులూ చూడాలన్నమాట.

4. ఇంగ్లండ్‌లో ఏ ఊరో తేలేదాకా సముద్రం దాటకండి. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలైపోరు. ఫ్రాంక్లిన్ తండ్రి జొసయ్యది నార్తాంప్టన్‌షైర్‌లోని ఎక్టన్ గ్రామం. ఊరు తెలుసు కాబట్టే 1758లో ఫ్రాంక్లిన్ కొడుకుని వెంటబెట్టుకుని నేరుగా అక్కడికి వెళ్ళాడు. 1555 నుంచి ఉన్న చర్చి రిజిస్టరు తిరగేస్తే, అయిదు తరాలుగా తాను కడగొట్టు కొడుకుకి కడగొట్టు కొడుకునని తేలింది.

ఇప్పుడు అంత దూరం వెళ్ళక్కర్లేదు. పాత రికార్డులు వెతికే ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా అకౌంట్ తెరిచి మొదలుపెట్టొచ్చు. అయితే ఇండెక్స్ (పేర్ల పట్టిక) చూసి ఆగిపోవద్దు, స్కాన్ దొరికితే అసలు పేజీ చదవండి.

5. పేర్ల పక్కన 'జూనియర్' చూసి కొడుకే అనుకోవద్దు. ఆ రోజుల్లో ఒకే ఊళ్ళో అదే పేరున్న చిన్నవాణ్ణి, చుట్టరికం లేకపోయినా, అలాగే రాసేవారు. చివరగా ఖననాల పేజీలు కూడా తిప్పండి. మీరు పట్టుకున్న మనిషి పసితనంలోనే పోయినట్టు అక్కడుంటే, ఆ కొమ్మ కొట్టేసి మళ్ళీ వెతకాల్సిందే.