పిల్లల చెవికి అనుప్రాస పట్టించడం ఎలా

అనుప్రాస అంటే ఒకే శబ్దం మాటల్లో మళ్లీ మళ్లీ తిరిగి రావడం. దాన్ని నేర్పడానికి చాలామంది ముందు పలకా బలపం తీస్తారు. పని అక్కడే చెడుతుంది. తిరిగొచ్చే శబ్దాన్ని పట్టుకోవాల్సింది చెవి. పైగా మన లిపి ఇక్కడ పిల్లలకు సాయపడదు. కాకి, కుండ, కొమ్మ మూడూ ఒకే హల్లుతో మొదలవుతాయి. గుణింతాలు దిద్దుతున్న పిల్లలకు మాత్రం కా, కు, కొ మూడు వేరే అక్షరాలు. ‘ఒకేలా లేవుగా!’ అంటే వాళ్ల తప్పేం లేదు. అందుకే మొదటి మూడు వారాలు రాత జోలికి పోవద్దు. రోజుకు పది నిమిషాల నోటి ఆట చాలు.

పిల్లలకు ముందే వచ్చిన ఆటతో మొదలుపెట్టండి: పుస్తకం గిస్తకం, పని గిని, పాట గీట. మాట తల తీసేసి ‘గి’ పెడతాం, తల దీర్ఘమైతే ‘గీ’. తోక అలాగే ఉంటుంది. నాలుగైదేళ్ల పిల్లలకు ఈ సూత్రం చెప్పనక్కర్లేదు, వాళ్ల నాలుకకు అది తెలుసు. ఓ పది మాటలు ఇచ్చి, ఒక్కోదానికి జంట చెప్పించి, ‘ఏది మారింది? ఏది మారలేదు?’ అని మాత్రం అడగండి. మధ్యలో ‘గిన్నె’ ఇవ్వండి. ఆట అక్కడ ఇరుక్కుంటుంది, పిల్లలు నవ్వుతారు. ఎందుకు ఇరుక్కుందో వాళ్లే చెప్పగలిగితే తలా తోకా వేరని అర్థమైనట్టే.

తర్వాత తల మీదికి రండి. వారానికి ఒక్క హల్లు. ‘మ’తో మొదలుపెడితే సులువు, పెదవులు కలవడం అద్దంలో కనిపిస్తుంది. మేక, మబ్బు, మూత, మొక్క అని పలికిస్తూ, ప్రతి మాట మొదట్లో పెదవులు ఏం చేశాయో చూడమనండి. అచ్చు మారినా పెదవుల పని మారదు. గుణింతం పెట్టిన చిక్కు ఇలా విడిపోతుంది. ‘క’కు వచ్చినప్పుడు నాలుక వెనక భాగం అంగిలిని తాకడం గమనించమనండి. ప-బ, త-ద లాంటి దగ్గరి జంటలను రెండో నెలకు ఉంచండి. ణ, ళ ఈ ఆటకు పనికిరావు, తెలుగు మాటలు వాటితో మొదలుకావు.

మూడు మాటలు చెప్పి వేరేదాన్ని పట్టుకోమనే ఆటలో ఒక గొయ్యి ఉంది. ‘కాకి, కుండ, మేక’ ఇస్తే పిల్ల ‘అన్నింట్లోనూ క ఉంది’ అంటుంది. నిజమే, మేకలోనూ ఉంది. అది పిల్ల తప్పు కాదు, మాటలు ఎంచుకున్న తీరు తప్పు. మేక బదులు మబ్బు ఇవ్వండి. ఇలాంటిదే ఇంకొకటి: చ, జ. ‘చిలుక’లోని చ, ‘చలి’లోని చ చాలామంది నోట ఒకేలా పలకవు. లిపిలో ఒకటే, నోట్లో రెండు. రెండూ కలవలేదని పిల్ల అంటే దిద్దకండి, మీకంటే బాగా వింటోంది. మొదటి నెల చ, జ పక్కన పెట్టడమే మేలు.

ఆరేడేళ్లకు వాక్యం కట్టించవచ్చు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు జంతువు పేరుతో మొదలుపెట్టడం. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఆ శబ్దంతో సరైన క్రియ దొరక్క వాక్యం అక్కడే కూలుతుంది. ముందు క్రియ వెతికించండి: మేసింది, మింగింది, మునిగింది. అప్పుడు ‘ఎవరు? ఎలా? దేన్ని?’ అని వెనక్కి అడుగుతూ వెళ్తే ‘మేక మెల్లగా మందారం మేసింది’ తయారవుతుంది. అలాగే ‘పిల్లి పొద్దున్నే పాలు పారబోసింది’. మూడు నుంచి ఐదు మాటలు చాలు. అంతకు మించితే అర్థం జారిపోయి శబ్దాల కుప్ప మిగులుతుంది. కట్టిన వాక్యాన్ని నెమ్మదిగా, మామూలుగా, గబగబా మూడుసార్లు చెప్పించండి.

జంట మాటల దగ్గర మాత్రం జాగ్రత్త. తల్లి, తండ్రి విడిగా చెబితే రెండూ ‘త’. కలిపితే తల్లిదండ్రులు, రెండో ‘త’ కాస్తా ‘ద’ అయింది. అన్నదమ్ములలోనూ అంతే. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు ఇది మంచి వేట: ఇలా శబ్దం మార్చుకునే జంటలు ఇంకేమున్నాయో వెతకమనండి.

మాట చివర కలిసే శబ్దం, అంటే అంత్యప్రాస, తెలుగులో మరీ చవగ్గా దొరుకుతుంది. ‘వచ్చాడు’, ‘తిన్నాడు’ కలిసినట్టే ఉంటాయి కానీ కలిసింది ‘ఆడు’ ఒక్కటే, అది వ్యాకరణం ఉచితంగా ఇచ్చింది. అందుకని షరతు పెట్టండి: దాని ముందున్న హల్లు కూడా కలవాలి. వచ్చాడుకు తెచ్చాడు, తిన్నాడుకు విన్నాడు. ఈ షరతు అలవాటైన పిల్లలకు పద్యంలోని ప్రాస కొత్తగా ఉండదు. కందపద్యం ఏది తీసుకున్నా నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో అదే హల్లు ఉంటుంది. ఆ నాలుగు అక్షరాలకూ సున్నా చుట్టమనండి. ఆటవెలదిలో వెతికించకండి, అక్కడ ఆ నియమం లేదు.

పేర్లు పదేళ్ల తర్వాత చెప్పినా నష్టం లేదు. ఒకే హల్లు పలుమార్లు వస్తే వృత్త్యనుప్రాస, మేక వాక్యం అదే. ‘ఆ పాప పాపం నిద్రపోయింది’ అన్నట్టు హల్లుల జంట వేరే అర్థంతో వెంటనే తిరిగొస్తే ఛేకానుప్రాస. ‘ఆదుకునే చేతులే చేతులు’ లాటానుప్రాస: మాట అదే, అర్థం అదే, ఉద్దేశం వేరు. పిల్లలు తడబడేది ఈ మూడోదాని దగ్గరే. ‘రా రా’ కూడా లాటానుప్రాసే అంటారు. అప్పుడు రెండో మాట తీసేసి చదివించండి. ‘రా’ ఒక్కటే మిగిలినా చెప్పిన సంగతి అదే. ‘ఆదుకునే చేతులే’ దగ్గర ఆగితే మాత్రం వాక్యం సగంలోనే నిలిచిపోతుంది.