రేడియేటర్ నీళ్లలో పోసే మందు: చౌకది చాలా, మంచిదే కొనాలా?

ఇల్లు వేడి చేయడానికి గోడకు బిగించిన రేడియేటర్ పైభాగం చల్లగా ఉందని, గాలి తీసేద్దామని ఆ చిన్న స్క్రూ తిప్పితే ముందు ఉస్సుమని గాలి వచ్చి, వెనకే సిరాలాంటి నల్లటి నీళ్లు కారాయా? ఆ నీళ్లను కాస్త తెల్లటి సాసర్‌లో పట్టి, అడుగున అయస్కాంతం పెట్టి మెల్లగా జరపండి. నల్లటి పొడి అయస్కాంతం వెంటే పాకుతూ వస్తుంది. అది మట్టి కాదు, మాగ్నెటైట్. మీ రేడియేటర్ల లోపలి ఉక్కే తుప్పై, పొడై నీళ్లలో తిరుగుతోంది. పైగా నెలకు రెండుసార్లు గాలి తీయాల్సి వస్తుంటే అది మామూలు గాలి కాకపోవచ్చు, తుప్పు పట్టేటప్పుడు పుట్టే హైడ్రోజన్ కావచ్చు, కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు.

దీన్ని ఆపడానికి సెంట్రల్ హీటింగ్ నీళ్లలో, అంటే బాయిలర్‌లో వేడెక్కి పైపుల్లో రేడియేటర్లకు తిరిగే నీళ్లలో పోసే మందునే ఇన్హిబిటర్ అంటారు. చౌక డబ్బా కొనాలా, పేరున్నదే కొనాలా అన్నది అందరికీ వచ్చే డౌటే. నేను చెప్పేది ఒక్కటే, డబ్బా మీద ధర చూసి నిర్ణయించుకోకండి, వెనక్కి తిప్పి లేబుల్ చదవండి.

మొదట చూడాల్సింది ఆ డబ్బా ఎన్ని లీటర్ల సిస్టమ్‌కు సరిపోతుందని రాశారో. ఒక లీటరు డబ్బా చౌకగా కనిపించినా మీ ఇంటికి అలాంటివి మూడు కావాలంటే, అర లీటరు చిక్కటి మందే చివరికి తక్కువలో వస్తుంది. లెక్క కష్టమేం కాదు. సుమారుగా రేడియేటర్‌కు 10 లీటర్లు వేసుకోండి, పెద్ద డబుల్ ప్యానెల్ (రెండు పలకలది) అయితే ఇంకాస్త కలపండి. నేల కింద పైపులతో వేడి చేసే సిస్టమ్ అయితే, లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లున్న పైపు 100 మీటర్లకు దాదాపు 11 లీటర్లు పడుతుంది. వచ్చిన మొత్తాన్ని లేబుల్ మీది అంకెతో పోల్చండి, అనుమానంగా ఉంటే ఒక డబ్బా ఎక్కువే పోయండి.

ఇక్కడ నాకు గట్టిగానే దెబ్బ తగిలింది. 14 రేడియేటర్లున్న ఇంట్లో, 'ఒక ఇంటికి ఒక డబ్బా' అని మాత్రమే రాసి ఉన్న చౌక మందు ఒక్కటే పోసి ఊరుకున్నాను. రెండో చలికాలానికి కింది గదిలో రేడియేటర్ పైన కాలుతోంది, అడుగున మధ్యలో చెయ్యి పెడితే చల్లగా ఉంది, అంటే మడ్డి పేరుకుంది. దాన్ని గోడ నుంచి దించి బయటికి మోసుకెళ్లి గొట్టంతో నీళ్లు కొడితే, చాలాసేపు నల్లటి చిక్కటి ద్రవమే వచ్చింది. ఆ రోజు నుంచి మోతాదు రాయని మందు కొనడం మానేశాను. ఎందుకంటే ఇది 'ఎంతోకొంత పోస్తే ఎంతోకొంత మేలు' అనుకునే వ్యవహారం కాదు. మందులో ఉండే నైట్రైట్ లాంటి రసాయనాలు లోహం మీద పల్చటి పొర కట్టి కాపాడతాయి. మోతాదు చాలకపోతే పొర అక్కడక్కడా తెగి, తుప్పు ఆ కొద్ది చోట్లే లోతుగా తవ్వుకుంటూ పోయి సూది బెజ్జాలు పెడుతుంది.

రెండోది అల్యూమినియం. కొత్త కండెన్సింగ్ బాయిలర్లలో (పొగలోని వేడిని కూడా వాడుకునేవి) చాలావాటికి లోపలి హీట్ ఎక్స్ఛేంజర్, అంటే మంట వేడిని నీళ్లకు అందించే భాగం, అల్యూమినియం మిశ్రమంతో చేసిందే. ఉక్కుకు క్షార గుణం మంచిదే గానీ, ఆ గుణాన్ని కొలిచే పీహెచ్ బాగా పెరిగితే అల్యూమినియం కరిగిపోతుంది. జర్మనీ ఇంజనీర్ల సంఘం వీడీఐ ఇచ్చిన 2035 నంబరు మార్గదర్శకం అల్యూమినియం ఉన్న సిస్టమ్‌లో పీహెచ్ 8.2 నుంచి 9 మధ్యే ఉండాలంటుంది. ఉక్కు, రాగి, ఇత్తడి, అల్యూమినియం అన్నీ కలిసి ఉన్న సిస్టమ్‌కు పనికొస్తుందని లేబుల్ మీద స్పష్టంగా లేకపోతే, ఎంత చౌకగా వచ్చినా ఆ డబ్బా వదిలేయండి. బాయిలర్ మాన్యువల్‌లో ఏ మందులు వాడొచ్చో కూడా చాలాసార్లు రాసి ఉంటుంది. అది పాటించకపోతే వారంటీ దగ్గర పేచీ వస్తుంది.

మూడోది టెస్ట్ కిట్. పోసిన మందు ఇంకా నీళ్లలో ఎంత ఉందో కొలిచే కిట్ ఆ కంపెనీయే అమ్ముతుందా చూడండి. సెంటినెల్, ఫెర్నాక్స్ లాంటి పేరున్న వాటికి ఎక్కువ డబ్బు పెట్టడంలో నాకు కనిపించిన అసలు లాభం ఇదే. బ్రిటన్‌లో హీటింగ్ నీళ్ల గురించిన బీఎస్ 7593 అనే ప్రమాణాన్ని 2019లో మార్చినప్పుడు ఏటా మందు మోతాదు చూసుకోవాలని, 5 ఏళ్లకోసారి నీళ్లను ల్యాబ్‌లో పరీక్ష చేయించడమో మందు మళ్లీ పోయడమో చేయాలని పెట్టారు. కొలవడానికే వీల్లేని మందుతో ఇవేవీ కుదరవు. అక్కడి మందులకు ఎన్ఎస్ఎఫ్ సీఐఏఎస్ (ఇదివరకు బిల్డ్‌సర్ట్) అనే ఆమోదం కూడా ఉంది, ఆ గుర్తు ఉంటే నేను ఇక పేరు పట్టించుకోను, పెద్దగా ప్రచారం లేని బ్రాండైనా కొంటాను.

ఇప్పుడున్న నీళ్లలో మందు పనిచేస్తోందో లేదో ఖర్చు లేకుండా తెలుసుకోవాలంటే రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో రేడియేటర్ నీళ్లు, ఇంకోదాంట్లో కుళాయి నీళ్లు పోసి, రెండింట్లోనూ పూత లేని కొత్త ఇనుప మేకు వేసి వారం ఉంచండి. కుళాయి నీళ్లలో మేకు ఎర్రబడుతుంది. రేడియేటర్ నీళ్లలోదీ అలాగే ఎర్రబడితే మందు లేనట్టే.

క్లీనర్ దగ్గర మాత్రం ఖరీదైనదే కావాలని నేను అనను. నీళ్లు కొంచెం మురికిగా ఉంటే మామూలు న్యూట్రల్ క్లీనర్ (యాసిడ్ గానీ క్షారం గానీ కానిది) పోసి లేబుల్ మీద చెప్పినన్ని రోజులు హీటింగ్ నడిపి, నీళ్లు తేటగా వచ్చేదాకా ఫ్లష్ చేస్తే సరిపోతుంది. ఘాటైన యాసిడ్ క్లీనర్ జోలికి సొంతంగా వెళ్లకండి, పాత రేడియేటర్లో పల్చబడిన చోటు ఉంటే కారడం మొదలవుతుంది, ఆ తర్వాత లోపలి యాసిడ్ గుణం పోగొట్టడం మరో పని. ఏ క్లీనర్ అయినా పూర్తిగా కడిగేశాకే ఇన్హిబిటర్ పోయాలి.

మాగ్నెటిక్ ఫిల్టర్ మంచిదే, పెట్టించుకోండి. కానీ అది పుట్టిన తుప్పును పట్టుకుంటుంది, పుట్టకుండా ఆపదు, ఫిల్టర్ ఉంది కదా అని చౌక మందుతో సరిపెట్టడం పొరపాటు. ఇంకో మాట, ప్రెషర్ పడిపోతోందని తరచూ నీళ్లు నింపుతున్నారంటే ఎక్కడో కారుతోంది. నింపిన ప్రతిసారీ మందు పలచబడి, కొత్త ఆక్సిజన్ లోపలికి వెళ్తుంది. ముందు ఆ లీక్ బాగుచేయించండి, లేదంటే ఎంత మంచి మందైనా నీళ్లపాలే.

పోసే రోజు సిస్టమ్ చల్లారాక, చేతికి గ్లవ్స్ వేసుకుని, ఫిల్టర్ డబ్బా గుండానో రేడియేటర్ గుండానో పోయండి. బాయిలర్ కవర్ మాత్రం తీయకండి, అది లైసెన్సున్నవాళ్ల పని. తర్వాత ప్రెషర్ సరిచేసి, అన్ని వాల్వులూ తెరిచి, మందు మొత్తం కలిసేదాకా ఓ గంట హీటింగ్ నడపండి. ఏ మందు, ఎంత, ఏ తేదీన పోశారో ఒక చీటీ మీద రాసి బాయిలర్ పక్కన అంటించండి.