సరుకు బిగించే బెల్టు ప్రాజెక్టు: ఎక్కడెక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

ఫైనలియర్‌లో మా టీమ్ తీసుకున్న పని, సరుకు బిగించే రాట్చెట్ బెల్టునీ దాని ప్యాకింగ్‌నీ కొత్తగా డిజైన్ చేయడం. రాట్చెట్ అంటే హ్యాండిల్ ఆడిస్తే ఒకవైపే తిరిగి బెల్టుని బిగించే పళ్ల చక్రం. మొదటి నెలంతా బెల్టుని ఇంకెంత గట్టిగా చేయొచ్చా అని లెక్కలేసుకుంటూ కూర్చున్నాం. తీరా మామూలు బెల్టులు నలుగురి చేతికిచ్చి చూస్తే తెగిపోయింది ఒక్కటీ లేదు, తిప్పలన్నీ బిగించడంలో, విప్పడంలో, తిరిగి సంచిలో పెట్టడంలోనే. మీరూ ఇలాంటి ప్రాజెక్టే చేస్తుంటే ఇది చదివి ఆ నెల మిగుల్చుకోండి.

సమస్య: హ్యాండిల్ నాలుగుసార్లు ఆడించేసరికి రాట్చెట్ జామ్.
కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. బెల్టుని స్పిండిల్ (బెల్టు చుట్టుకునే ఇరుసు) చీలికలోంచి దూర్చాక వదులుగా ఉన్నదంతా ముందు చేత్తో లాగేయాలి, అది చేయకుండా హ్యాండిల్ మొదలుపెడితే ఆ వదులంతా స్పిండిల్ మీదే చుట్టుకుని ఉండలా ఉబ్బి ఫ్రేమ్‌కి రాసుకుంటుంది. బిగిసేసరికి కనీసం ఒకటిన్నర చుట్టు ఉండాలి, లేకపోతే జారుతుంది. మూడు దాటితే ఇరుక్కుంటుంది. బెల్టు ఒక పక్కకి వాలినా అంచు మడతపడి ఇదే గొడవ. మేం చేసిందల్లా చీలిక పక్కనే, ఫ్రేమ్ మీద, చేత్తో లాగుతున్న బొమ్మ ఒకటి అచ్చు వేయడం. మాటల్లో రాసినప్పుడు ఎవరూ చదవలేదు, బొమ్మ పెట్టాక మాత్రం ముందు చెయ్యి అటే వెళ్లింది.

సమస్య: బిగించింది విప్పడం రావట్లేదు.
రాట్చెట్ పాడవలేదు. లోపలి నాలుకని వేలితో లాగిపట్టుకుని, వదలకుండానే, హ్యాండిల్‌ని పూర్తిగా వెనక్కి, బల్లపరుపుగా తెరవాలి. సగం తెరిచి ఆగిపోతే పళ్లు వదలవు. మొదటిసారి పట్టుకున్నవాళ్లు సుత్తి వెతకడం నేను కళ్లారా చూశాను. నాలుకకి హ్యాండిల్ రంగు కాకుండా వేరే కొట్టొచ్చినట్టు కనిపించే రంగు వేయండి, సగం సమస్య అక్కడే పోతుంది. తుప్పుకి మాత్రం ఇనుప భాగాలకే కాస్త పొడి లూబ్రికెంట్ చాలు, నూనె పోస్తే దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది.

సమస్య: లేబుల్ మీద 2500 ఉంది, అయినా సరుకు కదులుతోంది.
స్టూడెంట్ రిపోర్టుల్లో అందరూ బోల్తాపడేది ఇక్కడే, మా మొదటి డ్రాఫ్టుతో సహా. యూరప్ ప్రమాణం ఈఎన్ 12195-2 ప్రకారం లేబుల్ మీద రెండు వేరే అంకెలుంటాయి. ఎల్‌సీ (లాషింగ్ కెపాసిటీ) అంటే నేరుగా లాగినప్పుడు బెల్టు మీద పెట్టదగ్గ గరిష్ఠ బలం. ఎస్‌టీఎఫ్ (స్టాండర్డ్ టెన్షన్ ఫోర్స్) అంటే హ్యాండిల్ మీద చేత్తో 50 డెకాన్యూటన్లు, అంటే సుమారు 50 కిలోల బరువంత, పెట్టాక బెల్టులో నిలిచే బిగువు. ఎల్‌సీ 2500 డెకాన్యూటన్లు ఉన్న బెల్టుకి ఎస్‌టీఎఫ్ 300 దగ్గర ఉండటం మామూలే. పైనుంచి వేసి అదిమిపట్టే బెల్టుకి పనికొచ్చేది ఈ 300, ఆ 2500 కాదు.

దానికి తోడు కోణం. బెల్టు నేల నుంచి నిటారుగా లేచి సరుకు మీదకి వెళితే బిగువంతా కిందికి నొక్కుతుంది, నేలతో 30 డిగ్రీల కోణానికి వాలితే అందులో సగమే, ఎందుకంటే సైన్ 30 అంటే 0.5. పొట్టి సరుకుని వెడల్పు బండి మీద పెట్టి రెండు చివర్లకీ కట్టేవాళ్లు ఎంత బిగించినా ఫలితం లేకపోవడం అందుకే. పరిష్కారం ఇంకా మందం బెల్టు కాదు: ఇంకో బెల్టు వేయండి, కింద రబ్బరు మ్యాట్ పరిచి రాపిడి పెంచండి, లేదా సరుకుని బండికున్న హుక్కులకే నేరుగా లాగి కట్టండి.

సమస్య: బయల్దేరినప్పుడు బిగుతు, కాసేపటికి వదులు.
సరుకు కుదుపులకి సర్దుకుంటుంది, అది సహజం, కొంచెం దూరం వెళ్లాక ఆగి మళ్లీ బిగించాల్సిందే. కానీ బెల్టే సాగుతోందేమో కూడా చూడండి. లేబుల్ నీలం అయితే పాలిఎస్టర్, ఎల్‌సీ దగ్గర కూడా 7 శాతానికి మించి సాగకూడదు. ఆకుపచ్చ అంటే నైలాన్, ఎక్కువ సాగుతుంది, తడిస్తే బలం కూడా తగ్గుతుంది. గోధుమ రంగు పాలిప్రొపిలిన్.

గాలికి బెల్టు బుర్రుమని మోగితే ఖాళీలో ఉన్న భాగానికి ఒక మెలిక వేయండి, ఆగుతుంది. పొడవెక్కువైందని ముడి వేయడం మాత్రం వద్దు, బలం సగం దాకా పోవచ్చు. పదునైన అంచు మీదుగా వెళ్తుంటే మూల దగ్గర ప్రొటెక్టర్ పెట్టాలి, ఇందులో చర్చ లేదు.

సమస్య: ప్యాకింగ్ అందంగా ఉంది, రెండో రోజు నుంచి బెల్టు చిక్కుముడి.
గట్టి ప్లాస్టిక్ ప్యాకుని కత్తెరతోనే తెరవాలి, ఆ కత్తెర మొన లోపలి బెల్టుకి తగిలితే కొత్త బెల్టు కొత్తగానే పోతుంది. ఇంకో తప్పు, వాడే విధానమంతా అట్ట మీద అచ్చు వేయడం, ఎందుకంటే అట్ట మొదటి నిమిషంలోనే చెత్తబుట్టలో పడుతుంది. మేం ప్యాకింగ్‌నే సంచిగా మార్చాం: మూత తాడు లాగితే మూసుకుంటుంది, బొమ్మలన్నీ సంచి మీదే, మిగిలిన తోక చుట్టి పెట్టడానికి బెల్టు చివర వెల్క్రో పట్టీ. ఖర్చు కొంచెం పెరిగింది, గైడ్‌గారు దాని మీద గట్టిగానే అడిగారు, అయినా మార్చలేదు.

మా మొదటి నమూనాలో లేబుల్‌ని బెల్టు చివరకి దగ్గరగా కుట్టించాం. మూడోసారి బిగించగానే అది స్పిండిల్‌లోకి వెళ్లి నలిగి, ఎల్‌సీ అంకె చదవడానికి లేకుండా పోయింది. ఇప్పుడు రాట్చెట్‌కి కుట్టేసి ఉండే పొట్టి ముక్క మీద కుట్టిస్తున్నాం, అది ఎప్పుడూ చుట్టులోకి రాదు.