'రన్' ఎక్కడ ఏమవుతుంది? అర్థం పట్టుకోవడం, బదులు మాట ఎంచుకోవడం

తెలుగులో బస్సు నడుస్తుంది, ముక్కు కారుతుంది, సినిమా ఆడుతుంది, ఉతికితే చీర రంగు దిగుతుంది. ఇంగ్లీషులో ఈ నాలుగింటికీ 'రన్' అనే ఒక్క క్రియ సరిపోతుంది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ మూడో కూర్పు కోసం ఈ క్రియను మళ్లీ పరిశీలించినప్పుడు లెక్కకు తేలిన అర్థాలు 645. వాటిని బట్టీ పట్టక్కర్లేదు. వాక్యంలో మూడు చోట్ల చూడటం అలవాటైతే రోజువారీ చదువులో ఎదురయ్యేవి చాలావరకు విడిపోతాయి: పని చేసేది ఎవరు లేదా ఏది, దాని వెంట కర్మ ఉందా, క్రియ పక్కన 'ఔట్', 'ఇంటు' లాంటి చిన్నమాట ఏదైనా ఉందా.

ముందు కర్త సంగతి. కర్త మనిషో జంతువో అయి, కర్మ లేకపోతే అది పరుగే. ఇక్కడ బదులు మాటలు బోలెడున్నా ఒకదాని బదులు ఒకటి వాడేవి కావు. వ్యాయామం కోసం నింపాదిగా, ఒకే వేగంతో పరిగెత్తితే 'జాగ్'. కొద్ది దూరం పూర్తి వేగంతో అయితే 'స్ప్రింట్'. వానకు తడవకుండా వరండాలోకి ఒక్క ఉరుకు ఉరికితే 'డ్యాష్'. బెదిరి ఉన్నట్టుండి లంఘిస్తే 'బోల్ట్'. టపాకాయ చప్పుడుకు గుర్రం చేసేది అదే. ప్రాణభయంతో, ప్రమాదం నుంచి పారిపోతే 'ఫ్లీ', ఇది వార్తల భాష. 'రష్' మాత్రం తొందరను చెబుతుందే తప్ప కాళ్లతో పరిగెత్తాలన్న నియమం లేదు, కారులో కూడా రష్ కావచ్చు.

కర్త యంత్రమైతే 'వర్క్', 'ఆపరేట్', 'ఫంక్షన్' బదులుగా నిలుస్తాయి. నీరైతే 'ఫ్లో'. బట్ట రంగు నీళ్లలో దిగి పక్క బట్టకు అంటితే 'బ్లీడ్'. ఎండకు వెలిసిపోతే 'ఫేడ్' అనాలి, అక్కడ 'రన్' పనికిరాదు. ఒప్పందం, వీసా లాంటివైతే 'లాస్ట్' లేదా 'బి వ్యాలిడ్'. బస్సు రాకపోకల వేళలు చెప్పేటప్పుడు సాదా వర్తమానం వాడాలి: 'ద బస్ రన్స్ ఎవ్రీ ట్వెంటీ మినిట్స్.' రోజూ జరిగేదానికి 'ఈజ్ రన్నింగ్' అంటే ఈ ఒక్క రోజు సంగతిలా వినిపిస్తుంది.

రెండోది కర్మ. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 'షి రన్స్ ఎ స్కూల్' అంటే ఆమె బడి నడుపుతోంది. ఇక్కడ 'మేనేజ్' సరిపోతుంది. 'ఓన్' సరిపోదు, ఎందుకంటే నడిపే మనిషే యజమాని కావాలని లేదు. 'ఫంక్షన్' అసలే కుదరదు, ఆ క్రియకు కర్మ ఉండదు. యంత్రం ఫంక్షన్ అవుతుంది, యంత్రాన్ని మనం ఆపరేట్ చేస్తాం. పర్యాయపదాల పట్టికలో రెండూ పక్కపక్కనే ఉంటాయి కానీ ఈ తేడా అక్కడ కనిపించదు.

మన 'నడపడం' కూడా ఒక ఉచ్చు. బడిని నడపడం 'రన్', కారు నడపడం 'డ్రైవ్', సైకిలు, మోటారు సైకిలు నడపడం 'రైడ్'. 'ఐ రన్ ఎ కార్' అని రాస్తే, ముఖ్యంగా బ్రిటిష్ వాడుకలో, కారు ఖర్చులు భరిస్తూ దాన్ని ఉంచుకున్నానని అర్థం. స్టీరింగు పట్టుకున్న మాట అందులో లేదు.

మూడోది, పక్కనున్న చిన్నమాట. ఇది చేరిందంటే పాత అర్థాన్ని పక్కన పెట్టి మొత్తాన్ని ఒకే మాటగా చూడాలి. 'రన్ ఇంటు' తర్వాత మనిషి ఉంటే అనుకోకుండా ఎదురుపడటం, గోడ ఉంటే గుద్దుకోవడం. 'రన్ ఓవర్' బండి కింద పడేయడం. 'రన్ త్రూ' మొదటి నుంచి చివరి వరకు ఓసారి చకచకా చూడటం. బ్యాటరీ విషయంలో 'రన్ డౌన్' అంటే చార్జి అయిపోవడం, మనిషి విషయంలో చిన్నబుచ్చుతూ మాట్లాడటం. ఎన్నికల్లో నిలబడటానికి అమెరికాలో 'రన్ ఫర్', బ్రిటన్‌లో 'స్టాండ్ ఫర్'. మన పత్రికల్లో కనిపించే 'కాంటెస్ట్' కూడా సరైనదే, కానీ దాని వెంట 'ఫర్' రాదు, నేరుగా 'కాంటెస్ట్ ద ఎలక్షన్'.

వీటిలో ఒక్కటే నేర్చుకునే తీరిక ఉంటే 'రన్ ఔట్' నేర్చుకోండి. కాగితాలు అయిపోయాయని చెప్పడానికి మనం 'పేపర్ గాట్ ఓవర్' అనేస్తాం. కానీ 'గెట్ ఓవర్' అంటే జబ్బు నుంచో దుఃఖం నుంచో తేరుకోవడం. వస్తువు కర్త అయితే 'ద పేపర్ హ్యాజ్ రన్ ఔట్', మనం కర్త అయితే 'వి హావ్ రన్ ఔట్ ఆఫ్ పేపర్'. రెండో వాక్యంలో 'ఆఫ్' జారిపోతే వాక్యం చెడుతుంది. పూర్తిగా అయిపోలేదు, అడుగంటుతోంది అంటే 'రన్నింగ్ లో'.

బదులు మాట దొరికాక ఒక పరీక్ష చేయండి. 'రన్' తీసి కొత్త మాట పెట్టి, వాక్యాన్ని మొదటి నుంచి చదవండి. కర్మ ఇంకా అతుకుతోందా? చిన్నమాట మిగిలిపోయిందా? 'రన్ ఔట్ ఆఫ్' తీసి 'ఎగ్జాస్ట్' పెడితే 'ఔట్ ఆఫ్' కూడా పోవాలి. పైగా 'ఎగ్జాస్ట్' బరువైన మాట. నివేదికలో నప్పుతుంది, స్నేహితుడికి పంపే సందేశంలో ఎబ్బెట్టుగా ఉంటుంది.

రూపాల విషయానికొస్తే ఇది రన్, రాన్, రన్. మూడోది మళ్లీ మొదటిదే. అందుకే 'హ్యాజ్ రాన్', 'ఈజ్ రాన్ బై' తప్పు. 'హ్యాజ్ రన్', 'ఈజ్ రన్ బై' ఒప్పు. విశేషణాల్లోనూ చిన్న తేడా ఉంది: పారే నీరు 'రన్నింగ్ వాటర్', కారే ముక్కు 'రన్నీ నోస్'. మనకు అలవాటైన 'రన్నింగ్ నోస్' భారతదేశం బయట చాలామంది చెవికి కొత్తగా తోస్తుంది. ఇదే 'రన్నింగ్' రోజుల సంఖ్య తర్వాత వస్తే అర్థం వరుసగా అని. 'త్రీ డేస్ రన్నింగ్' అంటే వరుసగా మూడు రోజులు. దీని బదులు 'ఇన్ ఎ రో' పెట్టొచ్చు, అదీ రోజుల తర్వాతే వస్తుంది. 'కాన్సెక్యూటివ్' వాడితే మాత్రం రోజులకు ముందుకు జరపాలి: 'త్రీ కాన్సెక్యూటివ్ డేస్'.